పురుగు తినని వంకాయ మనం తినవచ్చా?

అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టలు నడుపుతున్న ఒకావిడ దగ్గర్నుంచి ఆ మధ్య ఒక ఉత్తరం వచ్చింది. దాని సారాంశం ఇది.

"డాక్టరుగారూ! మా హాస్టల్లో నలభై ఇద్దరు పిల్లలు. అందరూ కంప్యూటరు కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే. వారానికి రెండుసార్లు వంకాయకూర చేయిస్తాను. ఈమధ్య సగం మంది ముట్టుకోవడం మానేశారు. ఏమిటర్రా అంటే, 'ఇవన్నీ బి.టి. వంకాయలాంటీ! పురుగుని చంపే విషం విత్తనంలోనే పెట్టారట. తింటే పిల్లలు పుట్టరట' అని ఫోనులో వచ్చిన కబురు చూపించారు. వంకాయ మాన్పించాలా? ఇదివరకు పుచ్చు ఉందని కాయ పారేసేదాన్ని. ఇప్పుడు పుచ్చు లేదని అనుమానిస్తున్నాను."

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఇదే సందేహం మీలో చాలామందికి ఉండి ఉంటుంది. అందుకని అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

ముందు గాభరా తగ్గించే మాట చెప్పేస్తాను. మీ వీధిలో తోపుడుబండి మీద వచ్చే వంకాయ బి.టి. వంకాయ కాదు. ఎందుకంటే మన దేశంలో ఆ వంకాయ పండించడానికి అనుమతే లేదు. 2009 అక్టోబరు 14న కేంద్రంలోని జన్యుసాంకేతిక ఆమోద సంఘం దానికి పచ్చజెండా ఊపిన మాట నిజం. కాని దేశమంతా గొడవయింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టి రైతులనూ, శాస్త్రజ్ఞులనూ, గృహిణులనూ విన్నారు. ఆ ఏడింటిలో మన హైదరాబాదు ఒకటి. చివరికి 2010 ఫిబ్రవరి 9న దాన్ని నిలిపివేశారు. ఆ నిలుపుదల తర్వాత ఎత్తివేయలేదు. 2019లో హర్యానాలోని ఫతేహాబాద్ జిల్లాలో ఒక చేలో దొంగతనంగా వేసిన బి.టి. వంకాయ దొరికింది కనక నూటికి నూరుపాళ్ళూ పూచీ ఎవరూ ఇవ్వలేరనుకోండి. అయినా మీ బండివాడి గంపలోది మామూలు వంకాయే అనుకోవచ్చు. నవనవలాడుతూ, పుచ్చు లేకుండా ఉందంటే దానికి కారణం వేరే ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను. అసలు భయపడవలసింది అక్కడే.

ఏమిటీ బి.టి.?

బాసిల్లస్ తురింజియెన్సిస్ అని మట్టిలో ఉండే ఒక బాక్టీరియా. దాని పొడి అక్షరాలే బి.టి. 1901లో జపానులో ఇషివాటా అనే ఆయన పట్టుపురుగులకు జబ్బుచేసి చచ్చిపోతుంటే కారణం వెతుకుతూ దీన్ని పట్టుకున్నాడు. పదేళ్ళ తర్వాత జర్మనీలో తురింజియా అనే ప్రాంతంలో, పిండిలో పుట్టే పురుగుల్లో బెర్లినర్ అనే ఆయనకు మళ్ళీ కనిపించింది. పేరు అలా వచ్చింది. 1938 నాటికి ఫ్రాన్సులో దీన్ని పొడిచేసి పంటల మీద చల్లడానికి అమ్మారు. రసాయన మందులు వాడని సేంద్రియ రైతులు కూడా నేటికీ దీన్ని చల్లుకుంటారు. దోమల పిల్లపురుగులను చంపడానికి ఇదే జాతిలో మరో రకాన్ని నిలవనీళ్ళల్లో వేస్తారు.

ఈ బాక్టీరియా 'క్రై' అనే ఒక రకం ప్రోటీను తయారుచేస్తుంది. ఆ ప్రోటీనును ఎలా తయారుచెయ్యాలో చెప్పే జన్యువును బాక్టీరియా నుంచి తీసి మొక్కలో పెడితే, ఇహ ఆ మొక్కే తన ఆకుల్లో, కాయల్లో ఆ ప్రోటీను చేసుకుంటుంది. పురుగు కొరికిందా, చచ్చిందన్నమాట. చల్లడం లేదు, కడిగేస్తే పోవడమూ లేదు.

"కడిగినా పోదు" అన్న మాట దగ్గరే మనకి ఒళ్ళు జలదరిస్తుంది. పురుగును చంపేది మనల్ని చంపదా?

రెండు కడుపుల తేడా

గొంగళిపురుగు కడుపు మన కడుపులాంటిది కాదు. దాని పేగులో ఉండేది క్షారం. అంటే బట్టలసోడా కలిపిన నీళ్ళలాంటి గుణం. క్రై ప్రోటీను ఆ క్షారంలోనే బాగా కరుగుతుంది. అక్కడి జీర్ణరసాలు దాన్ని కొంచెం కత్తిరించి పదును పెడతాయి. పదునెక్కిన ముక్క పేగు గోడమీద తనకు సరిపోయే 'కొక్కెం' వెతుక్కుని, దానికి తగులుకుని గోడకు చిల్లులు పెడుతుంది. పురుగు మేత మానేస్తుంది. రెండుమూడు రోజుల్లో చస్తుంది.

మన జీర్ణకోశంలో ఉండేది ఆమ్లం. అక్కడ పెప్సిన్ అనే జీర్ణరసం ఈ ప్రోటీనును గుడ్డులోని ప్రోటీనును, పప్పులోని ప్రోటీనును విరగగొట్టినట్టే విరగగొట్టేస్తుంది. ప్రయోగశాలలో చేసిన పరీక్షల్లో పత్తిలో, వంకాయలో వాడిన క్రై రకం జఠరరసంలో ఎక్కువసేపు నిలవలేదు. పైగా దానికి కావలసిన కొక్కేలు మన పేగు గోడమీద లేవు. వంకాయ పచ్చిది తినం కదా, ఉడికిస్తే ప్రోటీను రూపం చెడిపోతుంది. పిల్లలు పుట్టరన్న మాటకు ఏ ఆధారమూ లేదు.

ఇక్కడ ఒక తెలివైన పాఠకుడు అడగవచ్చు: "ఎసిడిటీకి రోజూ మాత్ర వేసుకునేవాడి కడుపులో ఆమ్లం తక్కువ కదా, వాడి సంగతి?" న్యాయమైన ప్రశ్న. అలాంటివారిలో ప్రోటీను విరగడం కాస్త ఆలస్యం కావచ్చు. కొక్కెం లేదన్న రెండో రక్షణ మాత్రం వాళ్ళకూ ఉంది. (రోజూ ఎసిడిటీ మాత్ర ఎందుకు వేసుకోవలసి వస్తోందో ఆలోచించండి. రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని పడుకుంటే ఏ కడుపు ఊరుకుంటుంది? సరే, అది మరోసారి.)

'జన్యువు మార్చడం' అనే మాటకే బెదిరిపోయే వారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. పంజాగుట్టలో ఏ మందులషాపు ఫ్రిజ్జు తెరిచి చూసినా ఇన్సులిన్ సీసాలుంటాయి. 1982 నుంచి ప్రపంచంలో అమ్ముతున్న మానవ ఇన్సులిన్ జన్యువు మార్చిన సూక్ష్మజీవులతో చేసిందే. మన హైదరాబాదు సంస్థ శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా ఆ విద్యతో వచ్చిందే. మీ పిల్లలకు వేయించే ఉంటారు. కత్తి వంటిదే ఈ విద్య అని నేను ఉపన్యాసం ఇవ్వను. ఏ జన్యువు, ఏ మొక్కలో, ఎవరు పరీక్షించారు అని విడివిడిగా అడగాలి తప్ప గంపగుత్తగా మంచిదనో చెడ్డదనో అనకూడదని మాత్రం చెబుతాను.

అనుమానాలు ఉత్తవేమీ కావు

అలాగని అడిగేవాళ్ళంతా అజ్ఞానులని కొట్టిపారేసే పెద్దమనుషులతో నేను ఏకీభవించను. రెండు నిజమైన సంఘటనలు వినండి.

అమెరికాలో సోయా చిక్కుడుకు పోషకవిలువ పెంచుదామని బ్రెజిల్ నట్ అనే గింజలోని ఒక జన్యువును దాన్లో పెట్టారు. 1996లో ప్రచురించిన పరీక్షల్లో ఏం తేలిందంటే, బ్రెజిల్ నట్ పడనివారికి ఆ సోయా కూడా పడదని. ఎలర్జీ కూడా గింజతోపాటు వలసవచ్చిందన్నమాట. ఆ సోయాను అమ్మకానికి తేకుండానే ఆపేశారు. రెండోది, 2000 సంవత్సరంలో స్టార్‌లింక్ అనే బి.టి. మొక్కజొన్న గొడవ. అందులోని క్రై ప్రోటీను కడుపులో అంత తేలిగ్గా జీర్ణం కాని రకం. ఎలర్జీ రావచ్చన్న శంకతో పశువుల మేతకు మాత్రమే అనుమతించారు. అది కాస్తా మనుషులు తినే తినుబండారాల్లో తేలింది! దుకాణాల నుంచి సరుకంతా వెనక్కి తెప్పించారు. జబ్బుపడ్డామన్నవారి రక్తం పరీక్షిస్తే ఆ ప్రోటీను వల్ల ఎలర్జీ వచ్చినట్టు రుజువు దొరకలేదు. అయినా పశువులకని పెట్టిన గింజ మనిషి కంచంలోకి ఎంత సులువుగా వస్తుందో లోకానికి తెలిసింది.

మన వంకాయ విషయంలో వాదులాడుకున్నవారిలో ఇద్దరు తెలుగునాట పనిచేసినవారే ఉన్నారు. 2009లో పరీక్షల నివేదికలన్నీ చూసి ఫరవాలేదన్న నిపుణుల సంఘానికి అధ్యక్షులు కడప యోగి వేమన విశ్వవిద్యాలయం అప్పటి ఉపాధ్యక్షులు ప్రొఫెసర్ అర్జుల రామచంద్రారెడ్డిగారు. ఈ పరీక్షలు చాలవన్నవారిలో ముఖ్యులు హైదరాబాదులో సి.సి.ఎం.బి. పరిశోధనాలయాన్ని స్థాపించిన డాక్టర్ పుష్ప భార్గవగారు. సుప్రీంకోర్టు ఆయనను ఆమోద సంఘంలో పరిశీలకుడిగా పెట్టింది. విత్తనం అమ్ముకునే కంపెనీయే పరీక్షలు చేయించి కాగితాలు తెచ్చిస్తే ఎలా నమ్మడం అన్నది విమర్శకుల ప్రధాన అభ్యంతరం. జైరాం రమేష్ కూడా నిలిపివేస్తూ, స్వతంత్రంగా చేసిన పరీక్షలు లేవన్న మాటే గట్టిగా చెప్పారు.

నన్నడిగితే, తిన్నవాడికి ఏమవుతుందన్న విషయంలో నేను రెడ్డిగారి సంఘం వైపు. పరీక్ష ఎవరు చెయ్యాలన్న విషయంలో భార్గవగారి వైపు. కొత్త మందు బజారులోకి వచ్చాక కూడా కొన్నేళ్ళు కన్నేసి ఉంచుతాం. కొత్త తిండికి ఆ పాటి కాపలా వద్దా? జన్యుమార్పిడి ఆహారం పొట్లం మీద ఆ సంగతి ముద్రించాలని 2013 జనవరి 1 నుంచి మన దేశంలో నిబంధన వచ్చింది. మీరెప్పుడైనా అలాంటి ముద్ర చూశారా? నేను మాత్రం చూడలేదు.

మరి నూనె సంగతి?

వంకాయ బి.టి. కాదు సరే, మన వంటింట్లో బి.టి. బొత్తిగా లేదా అంటే, ఉంది. పత్తి రూపంలో. 2002 మార్చిలో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. కొన్నేళ్ళలోనే దేశంలో పత్తి వేసే భూమిలో నూటికి తొంభై పాళ్ళు పైగా అదే అయింది. దూది తీశాక మిగిలిన గింజను గానుగాడితే నూనె వస్తుంది. ఆ నూనె వంటకూ, వనస్పతికీ పోతుంది. పిండి చెక్క పశువుల తొట్లోకి పోతుంది.

శుద్ధిచేసిన నూనెలో ప్రోటీను దాదాపు ఉండదు. నూనె అంటే కొవ్వు. కనక క్రై ప్రోటీను సమస్య అక్కడ లేదు. పత్తిగింజలో సహజంగానే గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. నాటు పత్తి అయినా బి.టి. అయినా ఒకటే. శుద్ధిచేస్తే అది పోతుంది. అందుచేత పత్తిగింజల నూనె వాడితే శుద్ధిచేసిన, ముద్రవేసిన పొట్లమే కొనండి. గానుగ నుంచి నేరుగా తెచ్చిన పచ్చినూనె వద్దు. కర్నాల్‌లోని జాతీయ పాడిపరిశోధన సంస్థలో బి.టి. పత్తిగింజలు పెట్టిన ఆవుల పాలు పరీక్షిస్తే ఆ ప్రోటీను కనిపించలేదు. కాబట్టి పాలు నిక్షేపంగా తాగవచ్చు.

ఇహ అసలు సంగతి

ఉత్తరం వచ్చిన ఇరవై రోజులకు ఆ హాస్టలు ఆవిడే పంజాగుట్టలోని నా గదికి వచ్చింది. వెంట ఒక అమ్మాయి. పరకాల దగ్గర పల్లె. వంకాయ ముట్టని పిల్లల్లో ఈ అమ్మాయీ ఒకతె అట. చేతిలో ఆసుపత్రి కాగితాల కట్ట.

"మా నాయిన పత్తికి మందు కొట్టిండు సార్. ఇంటికొచ్చి అన్నం కూడా తినలే. కళ్ళు మసకలంటడు, ఒళ్ళంత చెమట. వాంతులు చేసుకుండు. ఈడ పంజాగుట్టల అడ్మిట్ చేసినం. ఇప్పుడు మంచిగనే ఉన్నడు గని, రేపు తీస్కపోతమని మా బాబాయి అంటుండు. తీస్కపోవచ్చునా?"

ఆ పొలంలో ఉన్నది బి.టి. పత్తి. పురుగుమందు అవసరం తగ్గిస్తుందని తెచ్చిన విత్తనం. మరి ఆ రైతు మందెందుకు కొట్టాడు?

కాస్త వెనక్కి వెళ్ళాలి. 1997-98లో వరంగల్ జిల్లా పత్తిమీద పొగాకు లద్దెపురుగు విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. అప్పులు తీరక రైతులు ఆత్మహత్యలు చేసుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. 1997 నుంచి 2002 వరకు వరంగల్ ప్రభుత్వాసుపత్రిలో పురుగుమందు విషంతో చేరినవారు ఎనిమిది వేల పైచిలుకు. వారిలో నూటికి ఇరవైరెండుమందికి పైగా బతకలేదు. 2002 లెక్కలు విడిగా చూస్తే అత్యధికులు కావాలని తాగినవారే, ముప్పై ఏళ్ళు నిండనివారే ఎక్కువ. బి.టి. పత్తి వచ్చినప్పుడు మన జిల్లాల్లో దానిమీద అంత ఆశ ఎందుకు పెట్టుకున్నారో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

ఆశ కొంత నిజమైంది, కొంత తబ్బిబ్బయింది. మొదట వచ్చిన మూడు సంకరరకాలు మన రాష్ట్రంలో సరిగ్గా పండలేదని రైతులు మొత్తుకున్నారు. 2005లో వాటిని ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకుండా ఆపారు. విత్తనం ధర మరీ ఎక్కువని రాష్ట్ర ప్రభుత్వం 2006లో కేసువేసి 450 గ్రాముల పొట్లం 750 రూపాయలకు దింపించింది. తర్వాత వచ్చిన రకాలు మెరుగ్గా పండాయి. కాయలోని పచ్చపురుగు తగ్గింది. మందు కొట్టే సార్లు తగ్గాయి. మందుగాలి పీల్చి కళ్ళు తిరిగి పడే రైతులు తగ్గారని ఆ రోజుల్లో చేసిన సర్వేలు చెప్పాయి. ఇది చిన్న లాభం కాదు. వైద్యుడిగా నేను దీన్ని మొదటి పద్దులో రాస్తాను.

కాని పురుగు కూడా చదువుకుంటుంది. ఎప్పుడూ ఒకే విషం మీద బతకవలసి వస్తే, దాన్ని తట్టుకోగల ఏ నాలుగు పురుగులో మిగులుతాయి. వాటి సంతానమే పెరుగుతుంది. దీన్ని ఆపడానికే విత్తనం పెట్టెలో 120 గ్రాముల మామూలు పత్తిగింజలు విడిగా పెట్టి, చేను చుట్టూ వెయ్యమన్నారు. మామూలు పురుగులు అక్కడ బతికి, గట్టి పురుగులతో జతకట్టి వాటి బలం పలచబడేలా చేస్తాయని. చేలో అయిదోవంతు పురుగుకి వదిలెయ్యమంటే, ఎకరం రెండెకరాల రైతు ఎందుకు వదులుతాడు? చాలామంది ఆ చిన్న పొట్లం గట్టుమీద పారేశారు. 2010లో గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి బి.టి. పత్తిని తట్టుకుంటోందని కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత రెండు జన్యువులున్న రకాన్నీ తట్టుకుంది. మళ్ళీ మందుల డబ్బాలు బయటికొచ్చాయి. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసిన కేశవ్‌రాజ్ క్రాంతి, వరంగల్ పల్లెల్లో ఏళ్ళ తరబడి పరిశీలన చేసిన స్టోన్ కలిసి 2020లో లెక్కలు ప్రచురించారు. పురుగుమందు మీద పత్తిరైతు ఖర్చు బి.టి. రాకముందుకన్నా ఎక్కువైందని. 2017లో మహారాష్ట్రలో యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవైమందికి పైగా చనిపోయారు. అదీ బి.టి. పత్తే.

కనక, అమ్మాయీ, నీ కంచంలో వంకాయ కాదమ్మా, మీ నాయిన వీపుమీద డబ్బా చూసి భయపడు అని చెప్పాను. చెప్పాక, చదువుకుంటున్న పిల్లను అనవసరంగా నొప్పించానేమో అనుకున్నాను. ఆ పిల్లకు తెలియనిదేమీ కాదు.

పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేటు జాతివి మన నరాలకూ కండరాలకూ మధ్య కబుర్లు ఆపే ఒక ఎంజైమును కట్టిపడేస్తాయి. దాంతో నరం 'పని చెయ్యి' అన్న మాట ఆపకుండా అంటూనే ఉంటుంది. చెమట, చొంగ, కన్నీళ్ళు, వాంతులు, విరేచనాలు, కంటిపాప చుక్కలా చిన్నదవడం, ఆయాసం, ఇవీ లక్షణాలు. ఆసుపత్రిలో అట్రోపిన్ ఇస్తే తేరుకుంటారు. కాని ఒకటి నుంచి నాలుగు రోజుల లోపల కొందరికి మెడ, ఊపిరితీసే కండరాలు హఠాత్తుగా నీరసించిపోతాయి. బాగానే ఉన్నాడు కదా అని రెండోరోజే ఇంటికి తీసుకుపోతే బస్సులోనే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ఆ బాబాయిని తొందరపడవద్దన్నాను. ఆ రైతు తొమ్మిదోరోజున ఇంటికి వెళ్ళాడు.

మరి మన వంకాయ?

బండిమీది వంకాయ నవనవలాడడానికి కారణం వేరే ఉందన్నాను. వంకాయలో కాయతొలుచు పురుగు పుట్టీపుట్టగానే కాయలోకి దూరిపోతుంది. లోపలున్నదాన్ని పైన కొట్టిన మందు తాకదు. అందుకని రైతు మళ్ళీ మళ్ళీ కొడతాడు. వారానికి రెండుసార్లు కొట్టేవారున్నారు. కొట్టిన మర్నాడే కోసి బజారుకు పంపేవారూ ఉన్నారు. మోనోక్రోటోఫాస్ అనే ఘాటైన మందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. నిషేధం కాగితం మీద ఉంటే చాలదు కదా. 2014 నుంచి బి.టి. వంకాయ వేస్తున్న బంగ్లాదేశ్‌లో ఒక పెద్ద పరిశీలనలో పురుగుమందు ఖర్చు దాదాపు సగం తగ్గింది. మనం ఆ వంకాయను కాదనుకున్నాం. మంచిదే కావచ్చు. కాని దాని బదులు మందు నీళ్ళల్లో మునిగిన వంకాయను తింటున్నామని మరిచిపోకూడదు.

మూడో దారి లేదా అంటే ఉంది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2004 నాటికి రసాయన మందులు పూర్తిగా మానేసింది. వేపకషాయం, లింగాకర్షక బుట్టలు, వాడిపోయిన కొమ్మలు తుంచి కాల్చెయ్యడం, ఇలాంటి ఓపిక పనులతోనే.

పురుగు కొట్టిన గింజ మాత్రం అమృతమా? కాదు. 1995లో దక్కను పీఠభూమిలో కొన్ని గ్రామాలవాళ్ళు వానకు తడిసి బూజుపట్టిన జొన్న, మొక్కజొన్న తిని కడుపునొప్పి, విరేచనాలతో పడిపోయారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అది ఫ్యుమోనిసిన్ అనే బూజువిషమని తేల్చారు. అప్పుడు కారణం వాన. కాని పురుగు చేసిన చిల్లులోంచి కూడా ఆ బూజు దూరుతుంది. విదేశాల్లో బి.టి. మొక్కజొన్నలో ఈ విషం తక్కువగా ఉండడం అందుకే. పుచ్చు వంకాయకు ఇంత ప్రమాదం లేదు, పుచ్చిన మేర కోసి పారేస్తే చాలు. ధాన్యానికి బూజు కనిపిస్తే మాత్రం ఎండబెట్టి వాడుకుందామనుకోవద్దు.

వంటింట్లో మీరు చెయ్యగలిగింది చెబుతాను. వంకాయను ధారగా పడే నీళ్ళ కింద పెట్టి చేత్తో రుద్ది కడగండి. మందు ఎక్కువగా దాక్కునేది తొడిమ ముచ్చిక కింద. గుత్తివంకాయకు ముచ్చిక ఉంచితేనే అందం అంటారు మా ఇంట్లో. అందం కావాలంటే ముచ్చిక రేకులు ఎత్తి కడగండి. తర్వాత పది నిమిషాలు ఉప్పునీళ్ళల్లో ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఒకసారి కడిగి తరగండి. పైన అంటిన మందు చాలావరకు పోతుంది. కాయలోకి ఇంకిన రకం మందులు కడిగినా పోవు. అందుకే రోజూ ఒకే కూర తినకుండా బీర, సొర, దొండ, ఆకుకూర మార్చి మార్చి వండండి. వీలైతే ఎర్రగడ్డ రైతుబజారు దాకా వెళ్ళండి. అక్కడ పండించినవాడే ఎదురుగా ఉంటాడు. "మందు కొట్టి ఎన్నాళ్ళయింది బాబూ?" అని అడగండి. పదిమంది అడిగితే పదకొండోరోజుకు జవాబు సిద్ధం చేసుకుంటాడు.

హాస్టలు ఆవిడకు చెప్పింది కూడా ఇంతే. వారానికి రెండుసార్లు కాకపోతే ఒకసారి చెయ్యండి, వంకాయ మానవద్దు.

ఇహ ఊళ్ళో పొలం ఉన్నవారికి, ఈ పత్రిక ఊరికి పంపే కొడుకులకూ కూతుళ్ళకూ నాలుగు మాటలు. పత్తి మనిషిని మించి ఎదిగాక తలపైకి మందు కొడితే అది ముఖం మీదే పడుతుంది. యవత్‌మాల్‌లో అదొక కారణం. రెండుమూడు మందులు కలిపి కొట్టడం మరొకటి. గాలికి ఎదురుగా కొట్టవద్దు. నిండు చేతుల చొక్కా, ముఖానికి గుడ్డ, చేతికి తొడుగు ఉండాలి. మధ్యలో బీడీ, అన్నం వద్దు. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. గర్భిణులు, బాలింతలు మందు కలపడానికీ ఆ బట్టలు ఉతకడానికీ దూరంగా ఉండాలి. డబ్బా ఇంట్లో అటకమీద, మంచంకింద పెట్టవద్దు. తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళంచెవి ఇంటి పెద్దావిడ దగ్గర ఉంచండి. వరంగల్ ఆసుపత్రి అంకెలు మళ్ళీ ఒకసారి చూడండి. ఒక్క క్షణం ఆవేశంలో చేతికి అందకపోవడమే ఎన్నో ప్రాణాలు నిలబెడుతుంది. మనసు బాగాలేనివారు 14416కు ఫోను చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మందు ఒంటిమీద పడితే బట్టలు వెంటనే తీసేసి సబ్బుతో ఒళ్ళంతా కడగండి. కడిగేవాళ్ళు తమ చేతులకు తొడుగులో, లేకపోతే ప్లాస్టిక్ సంచులో వేసుకోవాలి. కడుపులోకి పోతే ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే చావు ఇంకా త్వరగా వస్తుంది. 108కి ఫోను చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ మందు డబ్బా కూడా పట్టుకెళ్ళండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది.